ఇన్సూరెన్స్ ఫారంలో పాప పేరు రాయొచ్చా?

కొత్తగా వచ్చినవాడు: అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది అనంతపురం. డల్లాస్‌కొచ్చి ఎనిమిది నెలలు, పాప పుట్టి ఇరవై రోజులు. ఆఫీసు లైఫ్ ఇన్సూరెన్స్ ఫారం శుక్రవారం లోపల నింపాలంట. బెనిఫిషియరీ (నాకేమన్నా అయితే డబ్బు ఎవరికి పోవాలో) దగ్గర మా ఆవిడతో పాటు పాప పేరు కూడా రాయొచ్చా?

కడప పెద్దన్న: శుభం తమ్ముడూ. ఫారం సంగతి తర్వాత, ముందు వీలునామా రాసిపెట్టు. మా అన్న రాయకుండానే పోయినాడు. ఇక్కడికి రాకముందు ఊర్లో మూడెకరాల చీనీ తోట కొనుండె. పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, అదీ ముందు. ఇక్కడి డెత్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, చివర. కౌంటర్లో ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు జరుపుకుంటా పోయి "వీళ్లు ఇద్దరు మనుషులు సార్" అన్నాడు. అఫిడవిట్ ఇస్తే అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేటట్టు వేసే ప్రభుత్వ ముద్ర) లేదన్నారు. అది చేయించుకొని పోతే ఆయన బదిలీ, కొత్తాయనతో మళ్లీ మొదటినుంచి. మూడుసార్లు టికెట్లు పెట్టుకొని తిరిగినా. పైగా వీలునామా లేదు కాబట్టి వదినకు, ఇద్దరు పిల్లలకు, మా అమ్మకు నలుగురికీ సమాన వాటా. మైనర్ల వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి. బోరు ఎండిపోయింది, ఫైలు మాత్రం ఇంకా నడుస్తాంది.

కర్నూలు బావ: మీ అన్న మీ నాయనకు జీపీఏ, అదే తన తరఫున సంతకం పెట్టే అధికారం, ఇచ్చింటే సరిపోయేది కదన్నా.

కడప పెద్దన్న: ఇచ్చిన మనిషి పోతే జీపీఏ కూడా పోతుంది బావా.

కర్నూలు బావ: సరే, వీలునామాకు లాయర్ ఖర్చెందుకు? టెక్సాస్‌లో మొత్తం సొంత చేతిరాతతో రాసి సంతకం పెడితే సాక్షులు కూడా అక్కర్లేదు.

ప్రొద్దుటూరు అక్క: టెక్సాస్ వరకే అది. ఊర్లో పొలానికి ఇండియా చట్టం, 1925 నాటిది. చేత్తో రాసినా ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాల్సిందే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మేలు. అక్కడి ఆస్తికొకటి, ఇక్కడిదానికొకటి రాసుకోండి. కానీ జాగ్రత్త, రెండోదాంట్లో "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అని ఉంటే మొదటిది ఎగిరిపోతుంది. మా లాయర్ అట్లే పెట్టినాడు, చదివి కొట్టేయించినా.

కర్నూలు బావ: పాప అమెరికా సిటిజన్, పొలం ఎట్లా వస్తుంది?

ప్రొద్దుటూరు అక్క: కొనకూడదు గానీ వారసత్వంగా రావొచ్చు. ప్రతి ఉగాదికీ నీకిదే చెప్తాన్నా. తమ్ముడూ, పొలం కంటే ముందు గార్డియన్ ఎవరో వీలునామాలో రాయి. మీ ఇద్దరికీ ఒకేసారి ఏమన్నా అయితే, అనంతపురం నుంచి అవ్వాతాతలు వీసా తీసుకొని దిగేదాకా పాపను ఎత్తుకునేదెవరు? అప్పటిదాకా చూసుకోడానికి ఇక్కడే ఉండేవాళ్ల పేరు ఒకటి పెట్టు.

కొత్తగా వచ్చినవాడు: అందరికీ థ్యాంక్స్. మరి ఫారంలో పాప పేరు…?

ప్రొద్దుటూరు అక్క: అయ్యో, మర్చేపోయినాం! రాయొద్దు నాయనా. మైనర్ చేతికి కంపెనీ డబ్బివ్వదు, కోర్టుకు పోవాల్సొస్తుంది. మొదట మీ ఆవిడ పేరు. కంటింజెంట్ గడిలో, అంటే ఆమె కూడా లేకపోతే ఎవరికి అన్న చోట, పాప కోసం పెట్టే ట్రస్టు, లేదా పాప పెద్దయ్యేదాకా తన తరఫున డబ్బు చూసుకునే కస్టోడియన్. వీలునామాలో ఏం రాసుకున్నా ఆ డబ్బు ఫారంలో ఉన్న పేరుకే పోతుంది.

కర్నూలు బావ: మన నామినీ లాగే కదా.

ప్రొద్దుటూరు అక్క: కాదు. షేర్లకు నామినీ అంటే తీసుకొని వారసులకు అప్పజెప్పేవాడే, ఓనర్ కాదు. 2023లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది.

కర్నూలు బావ: మా నాయన డీమ్యాట్‌కు, అదే షేర్ల ఖాతాకు, నామినీ నేనే. మా చెల్లెలు ఈ గ్రూపులో ఉందా?