టెన్స్ మిషన్ ఐదుకి రాగానే కూ అని సున్నాకి పడిపోతోంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్

పొదిలి అబ్బాయి (రాత్రి 9.10)
మధ్యాహ్నం మూడింటి నుంచి ఈ మిషన్‌తో కుస్తీ పడుతున్నా. ఇంక నా వల్ల కాదు. మా నాన్నకి నరాల నొప్పి. టెన్స్ మిషన్ తెప్పించాను, ఒంటికి ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు పెట్టి నొప్పి తగ్గించేది, 1,800 అయింది. ప్యాడ్లు అంటించి ఆన్ చేస్తే ఒకటి, రెండు, మూడు అని పెరుగుతుంది, ఐదుకి రాగానే కూ అని అరిచి సున్నాకి పడిపోతుంది. మళ్లీ మొదటికి. బ్యాటరీలు రెండుసార్లు మార్చా. వైర్లు అటుదిటు మార్చా. అదే మిషన్ నా చేతికి పెట్టుకుంటే పదిహేను దాకా బ్రహ్మాండంగా లాగుతోంది, వేళ్లు వాటంతటవే ముడుచుకుంటున్నాయి. నాన్నకి పెడితే మాత్రం కూ. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "యాప్‌లో కంప్లైంట్ పెట్టండి సార్" అంటాడు. అంతా వివరంగానే రాశాను, దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి. అవతల నాన్న "ఇంక చాల్లేరా, తీసెయ్" అంటున్నాడు.

ఒంగోలు ఫిజియో (9.18)
నూనె రాశారా?

పొదిలి అబ్బాయి (9.21)
నూనేంది సార్, నేను మిషన్ గురించి అడుగుతుంటే.

కావలి మాష్టారు (9.26)
నాయనా, ముందు ఒక మాట. నరాల నొప్పి అన్నావు. ఏ నరం? మన జనానికి అన్నీ నరాలే. చేతి మీద ఆకుపచ్చగా తేలేది నరమే, మెడ పట్టేస్తే నరమే, సయాటికా వచ్చినా నరమే. సెలైన్ పెట్టేటప్పుడు నర్సమ్మ "నరం దొరకట్లేదు" అంటుంది చూడు, అది సిర, రక్తం మోసేది. మెదడుకి కబురు మోసేది నాడి. పుస్తకాల్లో నాడీ వ్యవస్థ అనే రాస్తారు, నరాల వ్యవస్థ అని కాదు. ఇది ఊరికే చెప్పడం లేదు. మా వీధిలో ఒకాయన పిక్కల మీద సిరలు ఉబ్బితే "నరాల మిషన్" అని ఇదే కొనుక్కొచ్చి అక్కడే అంటించుకున్నాడు. ఆ కాల్లో రక్తం గడ్డ కట్టి ఉంటే ఏమయ్యేది? మాట సరిగ్గా లేకపోతే వైద్యమూ సరిగ్గా ఉండదు.

కోవూరు లైన్‌మ్యాన్ (రిటైర్డ్) (9.33)
నాడి అంటే మణికట్టు పట్టుకుని చూసేది కదా మాష్టారూ. మీరు ఒక తికమక తీసి ఇంకోటి పెట్టారు.

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లు స్తంభాలెక్కినోడిని, నా మాట విను. ఇది లూజ్ కాంటాక్టు. వైరు పిన్ను దగ్గర ఊగుతుందేమో చూడు.

నాక్కూడా మా ఆవిడ నడుముకి ఈ మిషనే ఉంది. డబ్బా మీద 80 మిల్లీయాంపులు అని చూసి గుండె జారిపోయింది. ఇంట్లో కరెంటు లీకైతే ఆపేసే ఈఎల్‌సీబీ 30 మిల్లీయాంపులకే ట్రిప్ అయ్యేటట్టు పెడతారు, అంతకు మించితే మనిషికి ప్రమాదం అని. మరి ఇది 80 ఇస్తుందేంది? తర్వాత లెక్కేసుకున్నా. దీంట్లో కరెంటు ధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఒక్కో దెబ్బ సెకనులో పదివేలో వంతు. సెకనుకి వంద దెబ్బలు అనుకున్నా కరెంటు పారేది నూటికి ఒక వంతు టైమే, మిగతా తొంభై తొమ్మిది ఖాళీ. అందుకే జుయ్ మంటుందే గానీ మనిషిని పట్టెయ్యదు. భయం వద్దు.

కనిగిరి నీళ్లు (9.41)
బాబూ, మీది పొదిలి అంటున్నావు. మీ నాన్నగారు చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగారు? ఇది ఎవరూ అడగరు. మన దేశంలో ఫ్లోరోసిస్ అని, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు ఉందని డాక్టర్లు మొట్టమొదట 1937లో రాసింది నెల్లూరు జిల్లా గురించే. అప్పుడు మన పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోవే, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు పనికిరావు అంటారు. ఏళ్ల తరబడి అలాంటివి తాగితే వెన్నుపూసలు మందమైపోయి మధ్యలో ఉండే వెన్నుపాముని నొక్కేస్తాయి. కాళ్లు తిమ్మిరి, నొప్పి, నడక తడబాటు. దానికి పైన ఎన్ని ప్యాడ్లు అంటించినా ఏం లాభం? ముందు వెన్ను ఎక్స్‌రే తీయించు, బోరు నీళ్లు టెస్ట్ చేయించు. ఇరవై ఏళ్లుగా ఇదే మొత్తుకుంటున్నా.

పొదిలి అబ్బాయి (9.44)
అన్నా, మేం క్యాన్ నీళ్లే తాగుతాం. నడక బానే ఉంది. లైన్‌మ్యాన్ అన్నా, పిన్ను చూశా, గట్టిగానే ఉంది. ఇంకో వైరు కూడా పెట్టి చూశా. కూ.

మూలాపేట అక్క (9.50)
తమ్ముడూ, నెల్లూరు నుంచి. మా అమ్మకి షుగరు వల్ల పాదాల మంటలు, రెండేళ్లుగా ఈ మిషన్ వాడుతున్నాం. నువ్వు అంతా రాశానన్నావు గానీ అసలు సంగతి రాయలేదు. నొప్పి ఎక్కడ? ఎందుకు వచ్చింది? షుగరు ఉందా? ప్యాడ్లు ఎక్కడ అంటించావు?

పొదిలి అబ్బాయి (9.58)
అది అందరికీ తెలుసనుకున్నా అక్కా, మిషన్ ఎవరికైనా ఒకటే కదా అని.

దసరాకి ముందు నాన్నకి సర్పి లేచింది. వీపు మధ్య నుంచి ఎడం పక్కగా రొమ్ము కింద దాకా, బెల్టు కట్టినట్టు. ఊళ్లో ఎర్రమన్ను పూశారు. నాలుగైదు రోజులు ఆగి ఆస్పత్రికి వెళ్లాం. పొక్కులు మాడిపోయాయి గానీ నొప్పి పోలేదు, ఎనిమిది నెలలైంది. బనీను తగిలితే ఉలిక్కిపడతాడు. ఫ్యాను గాలి తగిలినా "అబ్బా" అంటాడు. తువ్వాలు కూడా భుజం మీద నుంచి పక్కకి పట్టుకుని కూర్చుంటాడు, ఒంటికి ఆనకుండా. ప్యాడ్లు ఆ మచ్చల మీదే అంటించా, నొప్పి అక్కడే కదా. రోజూ సాయంత్రం అమ్మ కొబ్బరి నూనెలో కర్పూరం వేసి కాచి రాస్తుంది, చల్లగా ఉంటుందని.

ఒంగోలు ఫిజియో (10.01)
నూనె.

మూలాపేట అక్క (10.03)
అయ్యో, సార్ అడిగింది అదే తమ్ముడూ, రెండో పోస్టులోనే.

కోవూరు లైన్‌మ్యాన్ (రిటైర్డ్) (10.06)
నేను చెప్పిన లూజ్ కాంటాక్టే కదా ఇది! వైరు కాకపోతే చర్మం. నూనె ఇన్సులేటరు. మా ట్రాన్స్‌ఫార్మర్లలో పోసేది ఎందుకనుకున్నావు?

ఒంగోలు ఫిజియో (10.15)
పగలంతా పేషెంట్లు, అందుకే పొట్టిగా రాశాను, ఏమనుకోవద్దు. ప్యాడ్ సరిగ్గా అంటుకోకపోతే మిషన్ తనంతట తాను సున్నాకి దిగిపోతుంది. చాలా మిషన్లలో ఇది ఉంటుంది, పాడైపోవడం కాదు. లేకపోతే పదిహేను మీద ఉండగా సగం ఊడిన ప్యాడ్ టక్కున అంటుకుందనుకోండి, పేషెంట్ ఎగిరిపడతాడు. మీ చేతికి నూనె లేదు కాబట్టి లాగింది. నూనె పట్టిన ప్యాడ్లు ఇంక పనికిరావు, కొత్తవి తీసుకోండి. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరాక అంటించాలి. వీపు మీద వెంట్రుకలుంటే కత్తెరతో కురచగా కత్తిరించండి, బ్లేడు వద్దు, గాటు పడితే అక్కడ చురుక్కుమంటుంది.

మచ్చల మీద పెట్టకండి. గాలి తగిలితేనే ఓర్చుకోలేని చోట ప్యాడ్ పీకితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ మచ్చల పట్టీకి పైన ఒకటి, కింద ఒకటి, మంచి చర్మం మీద, వీపు వైపు వెన్నెముక పక్కగా. రెంటికీ మధ్య బాగానే ఎడం ఉండాలి. అక్కడ దూది తగిలిస్తే మామూలుగా తెలియాలి, మొద్దుబారిన చోట పెడితే ఎంత పెంచారో ఆయనకే తెలీదు. ఒకటి ముందు ఛాతీ మీద, ఒకటి వెనక పెట్టడం అస్సలు వద్దు.

అన్నిటికన్నా ముందు: గుండెకి ఏమైనా చేయించారా?

పొదిలి అబ్బాయి (10.19)
నాలుగేళ్ల కింద నెల్లూరులో గుండెకి ఏదో వేశారు సార్.

ఒంగోలు ఫిజియో (10.20)
ఏదో అంటే? స్ప్రింగా, బ్యాటరీనా?

పొదిలి అబ్బాయి (10.22)
స్ప్రింగే అనుకుంటా. నేనప్పుడు బెంగళూరులో ఉన్నా. అమ్మని అడిగితే "చేతిలోంచి పంపించి వేశారు" అంటోంది. కాగితాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయట.

ఒంగోలు ఫిజియో (10.24)
అనుకోవడం కుదరదు. కాగితం చూసేదాకా మిషన్ ముట్టుకోకండి. స్ప్రింగ్ అంటే స్టెంట్, దానితో ఈ మిషన్‌కి పేచీ లేదు, అయినా గుండె డాక్టరుని ఒక మాట అడగండి. బ్యాటరీ అంటే పేస్‌మేకర్, అది ఉంటే ఇంట్లో సొంతంగా పెట్టనే కూడదు. ఈ దెబ్బలు చూసి అది గుండె కొట్టుకోవడం అనుకుని తన పని ఆపేయొచ్చు. కాలర్ ఎముక కింద చర్మంలో గట్టిగా అగ్గిపెట్టె లాంటిది తగులుతుందేమో చూడండి.

మాత్రలు ఏం వాడుతున్నారు?

పొదిలి అబ్బాయి (10.27)
నరాల నొప్పికి ఇచ్చిన ప్రీగాబలిన్ 75, రాత్రి పూట. మత్తుగా ఉంటున్నాడని, మిషన్ వచ్చిందిగా అని మొన్నటి నుంచి ఆపేశాం.

ఒంగోలు ఫిజియో (10.28)
ఎవరు ఆపమన్నారు?

మూలాపేట అక్క (10.34)
తమ్ముడూ, ఆ మాత్ర టక్కున ఆపకూడదు. మా అమ్మకి ఒకసారి అయిపోతే తెచ్చేసరికి మూడు రోజులైంది, నిద్ర లేదు, చెమటలు, ఒకటే దడ. రేపే రాసిన డాక్టరుకి ఫోన్ చెయ్యి. తగ్గిస్తే ఆయనే మెల్లగా తగ్గిస్తాడు.

మిషన్ జబ్బుని తగ్గించదు, మంటని కాసేపు కప్పుతుంది, అంతే. మా ఫిజియో మేడం చెప్పింది: మోకాలికి గడప తగిలితే గబగబా రుద్దుకుంటామే, అదే సంగతి. రుద్దుడు కబురు ముందు పోయి నొప్పి కబురుకి తలుపు వేస్తుంది. మెల్జాక్, వాల్ అని ఇద్దరు 1965లో ఈ గేటు సంగతి చెప్పారట. మా అమ్మకి పెట్టినంతసేపూ హాయిగా ఉంటుంది, తీశాక గంటో రెండు గంటలో. ఆ గంటలోనే అన్నం తిని పడుకుంటుంది. పాదాలు మొద్దుబారాయి కదా, అందుకని పాదాలకి పెట్టం, స్పర్శ తెలిసే పిక్క మీద పెడతాం.

జువ్వలదిన్నె (10.41)
తలుపు వేసేది మిషనే కాదక్కా, చేప కూడా. మా వలల్లో అప్పుడప్పుడు తిమ్మిరి చేప పడుతుంది. టేకు చేపలాగా బల్లపరుపుగా ఉంటుంది. తెలీక పట్టుకున్నావా, మోచేతి దాకా జివ్వుమంటుంది. 1803లో రస్సెల్ అనే దొర విశాఖపట్నం చేపల మీద పుస్తకం వేస్తే అందులో కూడా తిమ్మిరి అనే తెలుగు పేరుతోనే ఉంది. రోము దేశంలో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు రెండు వేల ఏళ్ల కిందటే తలనొప్పికి, కీళ్లవాతానికి ఈ చేపనే ఆనించమన్నాడు.

కావలి మాష్టారు (10.46)
తిమ్మిరి అన్న మాట ఎంత బాగుందో చూడండి. ఇంగ్లీషు టెన్స్ ఎందుకు? తిమ్మిరి యంత్రం అందాం.

కోవూరు లైన్‌మ్యాన్ (రిటైర్డ్) (10.48)
తిమ్మిరి తగ్గడానికి తిమ్మిరి యంత్రమా? మా ఆవిడ టెన్స్ అంటే టెన్షన్ తగ్గించేదనుకుని నన్ను పెట్టుకోమంది, అదే నయం.

ఒంగోలు ఫిజియో (10.52)
ఓపీలో "నాడి చూపించండి" అంటే చెయ్యి చాపుతారు మాష్టారూ. నరమే అనుకోనివ్వండి.

పొదిలి బాబూ, కాగితం చూశాక స్టెంటే అయితే 80 నుంచి 100 హెర్ట్జ్ (సెకనుకి అన్ని దెబ్బలు) మోడ్‌లో పెట్టండి. చీమలు పాకినట్టు గట్టిగా తెలియాలి, నొప్పి పుట్టకూడదు, కండ ఎగరకూడదు. మీ చేతికి పెట్టుకుంటే వేళ్లు ముడుచుకున్నాయన్నారు, అంత అక్కర్లేదు. అరగంట. రోజుకి రెండు మూడుసార్లు. నిద్రపోయేటప్పుడు వద్దు. 2017లో వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్లు నరాల నొప్పికి టెన్స్ మీద పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, పనిచేస్తుందనీ పనిచేయదనీ గట్టిగా చెప్పలేమన్నారు. కాబట్టి రెండు మూడు వారాలు చూడండి, ఫలితం లేకపోతే పక్కన పెట్టేయండి. దాని కోసం మాత్రలు మానకండి.

కనిగిరి నీళ్లు (11.05)
క్యాన్ నీళ్లు అన్నావు. వంట దేనితో?

(రెండో రోజు)

పొదిలి అబ్బాయి (సాయంత్రం 7.30)
స్ప్రింగే. కాగితం దొరికింది, గుండె డాక్టరుకి కూడా ఫోన్ చేసి అడిగాం, వీపు మీద అయితే పెట్టుకోమన్నారు. మాత్ర మళ్లీ మొదలుపెట్టాం. కొత్త ప్యాడ్లు, సబ్బు, వీపు పక్కన. కూ అనలేదు. తొమ్మిది దగ్గర "చీమలు" అన్నాడు. అరగంట కూర్చున్నాడు. తగ్గిందా అంటే "చూద్దాంలే" అన్నాడు. అమ్మకి కోపం వచ్చింది, నూనె వద్దన్నందుకు. థాంక్స్ అందరికీ.

గూడూరు నిమ్మతోట (8.12)
మా అత్తకి మోకాళ్ల నొప్పులండీ, ఈ మిషన్ దానికి పనిచేస్తుందా? ఎక్కడ దొరుకుతుంది?

కనిగిరి నీళ్లు (8.15)
మోకాళ్లా? మీ అత్తగారి పుట్టిల్లు ఏ ఊరమ్మా?