కాలువ పక్క గోడమీద బొమ్మలు పెచ్చులూడుతున్నాయి, సలహా కావాలి
అమలాపురంలో మా వీధి చివర కాలువను ఆనుకుని ఉన్న 60 అడుగుల పాత ఇటుక గోడ దగ్గర చెత్త పోయడం మాన్పించాలని, గత మార్చిలో దానిపై పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ), కొబ్బరితోట, ప్రభల తీర్థం (మా కోనసీమ సంక్రాంతి ఉత్సవం) బొమ్మలు వేయించాము. చెత్త ఆగింది, సాయంత్రాలు పెద్దలు అక్కడే కూర్చుంటున్నారు, కాబట్టి ఈ గోడను వదులుకోలేము. అయితే జూన్‌లో కాలువకు నీళ్లు వదిలిన 3 వారాలకే, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తు వరకు రంగు బుడగలుగా ఉబ్బింది. గోటితో గీస్తే పెచ్చు ఊడి, వెనుక తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తోంది. గీకి, పుట్టీ పెట్టి, ప్రైమర్ మీద 2 పూతలు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడలకు వేసే రంగు) వేసినా నెలకే మళ్లీ లేచింది. వాటర్‌ప్రూఫ్ పూత వేస్తే చెమ్మ ఇంకో అడుగు పైకి ఎక్కింది. చెమ్మ ఎక్కినంత ఎత్తు వరకు గోడకున్న సిమెంటు పూతను చెక్కి తీయించేసి, డంగు సున్నంతో (గానుగలో నూరిన సున్నం) మెత్తి, సున్నంలో కలిపిన మట్టి రంగులతో బొమ్మలు తిరిగి వేయిస్తే ఈ కాలువ చెమ్మకు నిలుస్తాయా?