షెంగెన్ వీసా (ఐరోపాలోని పలు దేశాలకు కలిపి చెల్లే వీసా) ఒక్కటే అయినా కాగితాల జాబితాలు ఎందుకు వేరు?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం):
మా అబ్బాయి జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నేనూ మా ఆవిడా అక్కడ 12 రాత్రులు, పారిస్‌లో 5 రాత్రులు ఉండి రావాలనుకుంటున్నాము. విమానం మొదట దిగేది పారిస్‌లోనే. ఫ్రాన్స్ వీసాకు మా వియ్యంకుడు గారు ఇచ్చిన కాగితాలు, జర్మనీ వారు అడిగేవి పూర్తిగా కలవడం లేదు. మేము ఎవరికి దరఖాస్తు చేసుకోవాలి? ఈ తేడా ఎందుకు? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
జర్మనీకే చేసుకోవాలండీ. ఎక్కువ రాత్రులు ఉండేది అక్కడే కాబట్టి అదే మీ ప్రధాన గమ్యం. ప్రధాన గమ్యం ఏదో తేలనప్పుడే మొదట దిగే దేశం లెక్కలోకి వస్తుంది. యూరోపియన్ యూనియన్ 2009 నాటి వీసా నియమావళిలోని 48వ అధికరణం ప్రకారం, ఒక విదేశంలో ఉన్న షెంగెన్ దేశాల కాన్సులేట్లు, యూరోపియన్ యూనియన్ ప్రతినిధి కార్యాలయం కలిసి, అక్కడి పరిస్థితులను బట్టి ఆధారపత్రాల జాబితాను ఒక్క తీరుకు తీసుకురావాలి. కాన్సులేటుకో పద్ధతి ఉంటే దరఖాస్తుదారులు సులువైన చోటు వెతుక్కుంటారు కదా. అయితే ఆతిథ్యం, ఖర్చుల హామీ పత్రాలను మాత్రం ఏ దేశానికి ఆ దేశం తన నమూనాలో అడగవచ్చు. మీరు చూసిన తేడా చాలావరకు అదే అయి ఉంటుంది. మీ ఖర్చులు మీ అబ్బాయి భరించేటట్లయితే, ఆ హామీ పత్రాన్ని ఆయన అక్కడి విదేశీయుల కార్యాలయంలోనే తీసుకోవాలి.

జవాబు 2:
పై వివరణకు ఒక మాట చేరుస్తాను. దరఖాస్తును ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, 15 రోజుల ముందు గడువు ముగుస్తుంది. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. నా బ్యాంకు స్టేట్‌మెంటు చివరి పేజీలో గుండ్రటి ముద్ర లేదని కౌంటరులో వెనక్కి ఇచ్చారు, అందుకే ప్రతి పేజీ మీదా ముద్ర, సంతకం వేయించుకోండి.