సకినాల గిరాకికి ఏజెన్సీ పెట్టుకోవాల్నా, మన ఫోన్ చాలా?

సకినాలక్క, హన్మకొండ
అందరికి నమస్తే. మేము ఇంట్లనే సకినాలు, అరిసెలు చేసి అమ్ముతం, అమ్మ, నేను, ఇంకిద్దరు ఆడోళ్లు. సంక్రాంతికి చేతులు సాలయి, తర్వాత చూస్తే ఫోనే మోగదు. మా మరిది ఒక ఏజెన్సీ పట్టుకొచ్చిండు, నెలకు 12 వేలు, 20 పోస్టర్లు 4 రీల్స్ అంట. మా ఆయనేమో పైసా ఇయ్యొద్దంటడు. దుక్నం నడిపేటోళ్లు జర చెప్పుండ్రి.

కొత్తవాడ దర్రీలు
ఇయ్యకు అక్కా. నేను ఆర్నెల్లు కట్టిన. ఏం చేసిన్రు? ఉగాది శుభాకాంక్షలు, మదర్స్ డే శుభాకాంక్షలు, మూలకు మా లోగో. 9 వేల ఫాలోవర్లు వచ్చిన్రు గని అండ్ల వరంగలోళ్లు ఎందరో దేవునికెరుక. మన వరంగల్ దర్రీలకు 2018ల జీఐ ట్యాగ్, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అనే సర్కారు గుర్తింపు, వచ్చింది కదా, అది రాసి మగ్గం మీద నేసేది చూపెట్టుండ్రి అంటే ఈ నెల ప్లాన్ల లేదు సార్ అన్నరు!

డిజిటల్ తమ్ముడు, కాజీపేట
అన్నా ఒక్కడు సక్కగ చేయలేదని అందర్ని తిడితె ఎట్ల, నాది గదే పని. అక్క పొద్దుగాల పిండి పట్టుకుంటదా, కూసొని రీల్ కట్ చేస్తదా, వచ్చిన మెసేజ్‌లకు జవాబిస్తదా? గని 20 పోస్టర్లు నేను కూడ వద్దనే అంట. ఫేస్‌బుక్ల పోస్ట్ కింద ఊకె బూస్ట్ బటన్ నొక్కి పైసలు పెట్టుడు గాదు, యాడ్ ఎవరికి కనవడాల్నో సెట్ చేసే యాడ్స్ మేనేజర్ల హన్మకొండ చుట్టు ఇన్ని కిలోమీటర్లని పెట్టి, నొక్కంగనే వాట్సాప్ తెరుసుకునేటట్టు యాడ్ పెట్టాలె. రోజుకు 200 పెట్టి పది రోజులు చూడు, మీద 18 శాతం జీఎస్టీ పడ్తది అది మర్సిపోకు.

బట్టల కాకా, జనగామ
పది రోజులకు రెండు వేల మూడు వందల అరవై, ఎన్ని కిలోలు అమ్మితె వస్తయి బిడ్డా? మా అల్లుడు టిక్‌టాక్‌ల చీరెలు చూపెట్టి మస్తు పేరు తెచ్చుకున్నడు, 2020 జూన్ ఆఖర్ల బంద్ పెట్టంగనే తెల్లారేసరికి ఒక్కడు మిగల్లే. నాకు మాత్రం వాట్సాప్ బిజినెస్సే, కేటలాగ్ల ఫొటో, రేటు. ఒకే మెసేజ్ అందరికి ఒక్కసారే పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఉంటది, ఒక్కోదాంట్ల 256 మందే పడ్తరు, అది కూడ నీ నంబర్ వాళ్ల ఫోన్ల సేవ్ ఉంటేనే మెసేజ్ పోతది. అందుకే బిల్లు కట్టంగనే మా నంబర్ సేవ్ చేసుకో బిడ్డా అంట, చేసేదాక సంచి ఇయ్య.

డిజిటల్ తమ్ముడు, కాజీపేట
అది పాత గిరాకే కదా కాకా, కొత్తోళ్లు ఎట్లొస్తరు?

హన్మకొండ టీచరమ్మ
మీరంత ఎట్ల చూపెట్టాల్నో కొట్లాడుతున్నరు, ఎవరు కొంటరో అడుగుతలేరు. పండుగ గాక సకినాలు ఎవరికి గావాలె? పెండ్లి సారెకు కావాలె, అమెరికా చదువుకు పోయే పిల్లల తల్లులకు కావాలె. పోయిన జులైల మా బిడ్డకోసం నేనే నాలుగిండ్లు తిరిగిన, ఒక్కలన్న పొడిగ, ఇరగకుండ ప్యాక్ చేసిస్తం అని పెట్టలే. పెట్టుంటే ఆ పూటే ఆర్డర్ ఇద్దును. ముహూర్తాల ముంగట, జూన్ జులైల ఆ ఒక్క ముచ్చట పెట్టు, మిగతా నెలలు ఊరుకో. ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సరుకులు చూసే సర్కారు సంస్థ) నంబర్, చేసిన తారీఖు ఉంటే అడిగెటోళ్లు నమ్ముతరు.

సకినాలక్క, హన్మకొండ
టీచరమ్మా, సారె సంగతి నాకు తోచనే లేదు, పోయినేడు మూడు పెండ్లిళ్లకు ఇచ్చిన గూడ. నిన్న రాత్రి అమ్మ తెల్లబట్ట మీద సుడులు తిప్పేది తీసిన, వేళ్ల సందుల నుంచి పిండి సన్నగ దిగుతది, నువ్వులు కనవడ్తయి. ఫోన్ జర వంకర వచ్చింది, ఎనుక కుక్కర్ విజిల్ గూడ ఉన్నది. అట్లనే పెట్టిన. పొద్దుగాలకు ఇద్దరు రేటడిగిన్రు, ఒకామె వాము ఎక్కువేస్తరా అనడిగింది. ఇంతల మరిది ఫోన్, ఏజెన్సీకి నిన్ననే 3 వేలు అడ్వాన్స్ కొట్టిండట.

కొత్తవాడ దర్రీలు
అయిపాయె.

డిజిటల్ తమ్ముడు, కాజీపేట
అక్కా, పేజీ మీ నంబర్ మీదనే తెరువుండ్రి, వాళ్లది పెడితె మల్ల మీ చేతికి రాదు. నేను ఏజెన్సోన్నే, నేనే చెప్తున్న.