ఫోథరింగే: ఒక్క ఆల్బమ్‌కు ఇంత పేరు తగునా?

కొత్త శ్రోత:
బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ వాళ్ల ‘బ్యాటిల్ ఆఫ్ ఎవర్‌మోర్’ పాటలో వాళ్ల గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌కు దీటుగా పలికిన ఆడగొంతు ఎవరిదా అని వెతుక్కుంటూ శాండీ డెన్నీ దగ్గర తేలాను. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే జానపద రాక్ బృందాన్ని వదిలి ఆమె 1970లో కట్టిన ఫోథరింగే బృందం ఏడాది తిరిగేసరికి చెదిరిపోయిందట. ఆమె బతికుండగా వచ్చింది ఒకటే ఆల్బమ్. బాగానే ఉంది. కానీ కొన్ని పాటలు బృందంలోని ట్రెవర్ లూకస్ పాడినవి. ఇప్పుడు వినిపిస్తున్న పొగడ్త సంగీతానికా, 31 ఏళ్లకే ఆమె పోయిందన్న జాలికా?

పాత రికార్డుల మనిషి:
జాలి అసలు లేదనను. అయితే చివరి పాట ‘బ్యాంక్స్ ఆఫ్ ద నైల్’ తీరిగ్గా విన్నారా? ఎనిమిది నిమిషాలుంటుంది. ఈజిప్టు యుద్ధానికి వెళ్తున్న సిపాయితో, జుట్టు కత్తిరించుకుని మగవేషంలో నీ వెంట వస్తానని ప్రియురాలు బతిమాలే జానపదం. ఇలాంటి చోట గొంతు చించుకునేవారే ఎక్కువ. ఈమె ఆ పని చేయదు. జెర్రీ డొనహ్యూ గిటారు, జెర్రీ కాన్వే డ్రమ్స్ ఆమెకు చోటు వదిలి పక్కనే నడుస్తాయి. రాక్ వాయించేవాళ్లలో అంత పొదుపు అరుదు. నా మట్టుకు ఈ ఒక్క పాటకే ఆ పేరు చెల్లు. నెడ్ కెల్లీ పాట మాత్రం నేనూ దాటేస్తాను. లూకస్ ఆస్ట్రేలియావాడు, ఆ బందిపోటు మీద మమకారం ఆయనకుంటుంది, మనకెందుకు?

విడిపోవడానికి సంగీతం కారణం కాదు. ఆమె ఒంటరిగా పాడితేనే మేలని నిర్మాత జో బాయ్డ్ నమ్మకం. మెలోడీ మేకర్ అనే బ్రిటిష్ సంగీత పత్రిక పాఠకులు ఆ ఏడాది ఆమెనే ఉత్తమ గాయనిగా ఎన్నుకున్నారు. ఆమెకేమో బృందంలో ఒకరిగా ఉండడమే ఇష్టం. బృందం ఖర్చు చూస్తే తడిసి మోపెడు. అక్టోబరులో లండన్ ఆల్బర్ట్ హాల్‌లో వీళ్ల కచేరీకి ముందుగా పాడడానికి వచ్చిన ఎల్టన్ జాన్ సభను తనవైపు తిప్పేసుకున్నాడు. 1971 జనవరిలో, రెండో ఆల్బమ్ సగంలో ఉండగా అంతా ముగిసింది.

డ్రమ్స్ అభిమాని:
ఆ రెండోది 2008లో వచ్చింది కదండీ! డొనహ్యూ పాత టేపులు బయటకు తీసి, కాన్వే, బృందంలో బేస్ గిటారు వాయించిన ప్యాట్ డొనాల్డ్‌సన్‌లతో కలిసి పూర్తిచేశారు. 2015లో బృందం రికార్డింగులన్నీ కలిపిన బాక్స్ సెట్ కూడా వచ్చింది. జర్మన్ టీవీ బీట్ క్లబ్ దృశ్యాలు అందులో ఉన్నాయి.

పాత రికార్డుల మనిషి:
ఆ రెండో ఆల్బమ్ ఉంది నా దగ్గర. గొంతు 1970 నాటిది, చుట్టూ వాద్యాలు కొన్నిచోట్ల ఈ శతాబ్దపువి. నా చెవికి అతుకు తెలుస్తూనే ఉంటుంది.

డ్రమ్స్ అభిమాని:
మీ చెవి మరీ కఠినం. అందులోని ‘జాన్ ద గన్’ పాట ఆ బృందం వాయింపులో వినగలగడమే నాకు పండగ.

కొత్త శ్రోత:
తర్వాత ఏది వినమంటారు?

పాత రికార్డుల మనిషి:
1971లో ఆమె పేరుతో వచ్చిన ‘ద నార్త్ స్టార్ గ్రాస్‌మన్ అండ్ ద రేవెన్స్’. వాయించినవారి పేర్లు చదవండి, విడిపోయిన ఆ నలుగురూ అందులో ఉన్నారు.