వింటర్ ఏల్‌లో లవంగం వాసన: మసాలాదా, ఈస్టుదా?

మాది గుంటూరు. మా బావగారు బెల్జియం నుంచి క్రిస్మస్ కాలంలో అమ్మే మసాలా ఏల్ (ఒక రకం బీరు) సీసాలు తెచ్చారు. 330 మిల్లీలీటర్ల సీసా, ఆల్కహాల్ 9 శాతం, ముదురు గోధుమ రంగు, అడుగున ఈస్టు మడ్డి. లేబుల్ మీద ‘మసాలా దినుసులు’ అని మాత్రమే ఉంది, ఏవేవో రాయలేదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, 4 డిగ్రీల దగ్గర, గ్యాసు చురుకు, కాస్త చేదు తప్ప ఏమీ తెలియలేదు. 12 డిగ్రీలకు వచ్చాక (థర్మామీటరుతో చూశాను) ఖర్జూరం, ముదురు బెల్లంపాకం, వాటి మీద గట్టిగా లవంగం. మా గది వేడికి వదిలేస్తే మాత్రం ఆల్కహాల్ ఘాటు అన్నిటినీ మింగేస్తోంది. ప్రతిసారీ భోజనానికి ముందు, కారం తగలని నోటితోనే రుచి చూశాను.

బెల్జియం ఈస్టుల్లో కొన్ని పులిసేటప్పుడు లవంగం వాసనను అవే పుట్టిస్తాయని తెలుసు. అందుకే మడ్డి లేకుండా ఒకసారి, కలిపి ఒకసారి తాగాను. చిక్కదనం పెరిగింది గాని లవంగంలో తేడా లేదు. పోపుల డబ్బాలోని లవంగాన్ని నలిపి పక్కన పెట్టుకుని పోల్చాను. దానికి నాలుకను మొద్దుబార్చే గుణం ఉంది, ఏల్‌లో అది కనిపించలేదు. మోతాదు తక్కువైనా అలాగే ఉంటుందేమో! ఇంత శ్రద్ధగా కాచిన ఏల్‌ను ఏముందో తెలియకుండా తాగేయడం నాకు ఇష్టం లేదు. ఇంకొక్క సీసా మిగిలింది.

ఈస్టు పుట్టించిన లవంగం వాసనను, నిజంగా వేసిన లవంగాన్ని రుచిలోనే వేరుగా గుర్తుపట్టడం ఎలా?