ఫేస్ టు ఫేస్ అంటే ముఖాముఖేనా?

ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, మూడో రౌండ్ ఫేస్ టు ఫేస్ అని. అదేమిట్రా అని నాన్నగారు అడిగితే ముఖాముఖి అన్నాను. "ఎవరితో పోట్లాట?" అన్నారు. నవ్వేశాను గానీ అనుమానం మిగిలిపోయింది. ఇది సరైన అనువాదమేనా? పెద్దలు చెప్పాలి.

—

మీ నాన్నగారి చెవి గట్టిది! ఆ అచ్చులో పోసిన మాటలు సంస్కృతంలో చాలావరకు పోట్లాటలే. జుట్టూ జుట్టూ పట్టుకుంటే కేశాకేశి, కర్రలతో బాదుకుంటే దండాదండి. "తత్ర తేనేదమితి సరూపే" అని పాణిని వీటికోసం ఒక సూత్రమే రాశాడు. ఒకే మాట రెండుసార్లు వచ్చి, అక్కడ పట్టుకునో దానితో కొట్టుకునో చేసిన యుద్ధం అని అర్థమిస్తుంది. మనం పేపర్లో చదివే బాహాబాహీ కూడా ఈ కోవదే.

తెలుగులో ముఖాముఖి ఆ కోపాన్ని సగమే వదులుకుంది. ఎన్నికలప్పుడు చూడండి: ఇద్దరే బరిలో ఉంటే ముఖాముఖి పోరు, మూడోవాడు దిగితే త్రిముఖ పోటీ. అదే పేపరు లోపలి పేజీలో "మంత్రితో ముఖాముఖి" అంటే మాత్రం ఇంటర్వ్యూ. తెలుగు బైబిల్లో దేవుడు మోషేతో ముఖాముఖిగా మాట్లాడాడంటే అక్కడ కోపమే లేదు, స్నేహితుడితో మాట్లాడినట్టు అన్నారు. కాబట్టి తప్పు కాదు. ఇంట్లో మాట్లాడుకునే మాట కాదు, అంతే.

—

బాగా చెప్పారు మాస్టారూ. ఇంగ్లీషు వైపు నుంచి ఒక ముక్క. ఫేస్ టు ఫేస్‌నీ వన్ ఆన్ వన్‌నీ చాలామంది కలిపేస్తున్నారు. మొదటిది ఫోనూ తెరా అడ్డులేకుండా ఎదురుగా ఉండటం. అరవైమంది కూర్చున్న క్లాసు కూడా ఫేస్ టు ఫేసే. రెండోది తలల లెక్క. ఇద్దరే ఉండాలి, జూమ్‌లోనైనా సరే. మేనేజరుతో నెలనెలా జరిగేది ఇదే. బ్రిటిష్‌వాళ్లు ఎక్కువగా వన్ టు వన్ అంటారు.

ఇంకో తమాషా. హెడ్ టు హెడ్ అంటే ఇంగ్లీషులో పోటీ. ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న టెటాటెట్‌కీ మాటకి మాట అర్థం తలకి తలే, కానీ అది ఇద్దరి మధ్య ఆంతరంగికంగా సాగే కబుర్లు. తలలు అవే, ఒకచోట ఢీ, ఒకచోట గుసగుస. ముఖాముఖి ఈ రెండు పనులూ ఒక్కటే చేస్తోంది పాపం.

—

టు హిజ్ ఫేస్ అన్నదాన్ని కూడా ముఖాముఖిగా చెప్పాడు అని రాస్తున్నారండీ, చదవలేక చస్తున్నాను. "మొహం మీదే అనేశాడు" అని మనకి నిక్షేపంలాంటి మాట ఉండగా! కూర్చుని మాట్లాడుకుంటే ఫేస్ టు ఫేస్, దులిపేస్తే టు హిజ్ ఫేస్.

—

అందరికీ ధన్యవాదాలు. మరి నాన్నగారికి ఏమని చెప్పను?

—

"ఆఫీసుకి వచ్చి కలవమన్నారు" అనండి. ఇంగ్లీషులో నామవాచకం ఉందని మనమూ నామవాచకమే వెతుక్కోనక్కర్లేదు. ఎదురుగా కూర్చుని, స్వయంగా వెళ్లి, నేరుగా కలిసి... మనకి ఈ పని క్రియలు చేస్తాయి.

—

చెప్పాను మాస్టారూ. "అయితే ఆ తెల్లచొక్కా ఇస్త్రీకియ్యి" అన్నారు.